మీ బరువుతోనే మొదలుపెట్టండి: సొంత హై-పెర్ఫార్మెన్స్ డింగీ డిజైన్ చేసి కట్టుకోవడం ఎలా

హుస్సేన్ సాగర్‌లో డింగీల, అంటే చిన్న తెరచాప పడవల, రేసులు చూసినవాళ్లకి లేజర్‌లు, ఆప్టిమిస్ట్‌లు బాగా తెలుసు. అవి అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఒక్క స్క్రూ కూడా మీ ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు, ఎందుకంటే అక్కడ పోటీ మనుషుల మధ్య, పడవల మధ్య కాదు. సొంతంగా ఏదైనా కట్టాలని చేతులు దురద పెడుతున్నవాళ్లకి కావలసింది డెవలప్‌మెంట్ క్లాస్. అంటే నాలుగు కొలతలు మాత్రం గీత గీసి ఇచ్చి, మిగతాది నీ తెలివి అని వదిలేసే రకం. వాటిలో నాకు నచ్చింది ఇంటర్నేషనల్ మాత్. 1928లో ఆస్ట్రేలియాలోని ఇన్వర్‌లాక్‌లో లెన్ మోరిస్ అనే ఆయన తనకోసం కట్టుకున్న 11 అడుగుల పడవతో మొదలైన క్లాస్ ఇది. పొడవు 3355 మి.మీ. దాటకూడదు, వెడల్పు 2250 మి.మీ. దాటకూడదు, తెరచాప 8.25 చదరపు మీటర్లు, ట్రాపీజ్ (తెరచాప స్తంభం నుంచి తీగకి వేలాడి బయటికి వాలడం) లేదు, జంట హల్ (పడవ ఒడలు) లేదు. కనీస బరువు అనే నియమమే లేదు, అసలు మజా అంతా అక్కడే ఉంది. లేజర్ హల్ ఒక్కటే దాదాపు 59 కిలోలు, తెరచాప 7.06 చదరపు మీటర్లు. మాత్‌లో దానికంటే పెద్ద తెరచాప, కానీ మాస్టూ (తెరచాప స్తంభం), కూర్చోవడానికి రెండు పక్కలా ఉండే రెక్కలూ అన్నీ కలిపినా అందులో దాదాపు సగం బరువు.

ఇప్పటి మాత్‌లు నీటి మీద తేలవు, హైడ్రోఫాయిల్స్ (నీటి కింద ఉండే రెక్కలు) మీద గాల్లో లేచి వెళతాయి. 2005లో రోహన్ వీల్ ఫాయిల్స్‌తో ప్రపంచ టైటిల్ గెలిచాక ఆ క్లాస్‌లో వెనక్కి తిరిగి చూసినవాళ్లు లేరు. అయినా మొదటి పడవకి ఫాయిల్స్ వద్దు అంటాను. నీటి మీదే నడిచే పాతరకం సన్నటి హల్ కట్టండి, అది కట్టడం వచ్చాక ఫాయిల్స్ సంగతి చూద్దాం. చివర్లో దాని లెక్క కూడా ఇస్తాను.

ముందు తూకం, తర్వాతే గీతలు

చాలామంది కంప్యూటర్ తెరిచి అందమైన హల్ గీయడంతో మొదలుపెడతారు. వద్దు. ఈ పడవలో అన్నిటికంటే బరువైన వస్తువు మీరే. మూడింట రెండొంతులు మీరు, ఒక వంతు పడవ. కాబట్టి తడి బట్టలు, లైఫ్ జాకెట్, బూట్లతో సహా తూకం మీద నిలబడండి. మీరు 72, తడిసిన సామాన్లు 5, పడవ మొత్తం 33 అనుకుందాం. మొత్తం 110 కిలోలు. మంచినీటిలో అయితే హల్ 110 లీటర్ల నీటిని తోసేయాలి, విశాఖ సముద్రంలో అయితే 107 లీటర్లు చాలు.

ఇక్కడ 33 అనేది ఆశ కాదు, బడ్జెట్. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి హల్, డెక్ (హల్ పైకప్పు), బల్క్‌హెడ్లు (లోపలి అడ్డగోడలు), రెక్కల ట్యూబులు, మాస్ట్, బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర), తెరచాప, డాగర్‌బోర్డ్ (పడవ పక్కకి జారకుండా నీళ్లలోకి దించే పలక), చుక్కాని, తాళ్లు, పుల్లీలు, పెయింట్ అన్నీ వరసగా రాసి, ఒక్కొక్కదానికీ గ్రాములు కేటాయించండి. పెయింట్ దగ్గర అందరూ సున్నా రాస్తారు, తీరా చూస్తే పుట్టీ, ప్రైమర్, రంగు కలిపి కిలోన్నర తేలుతుంది.

హల్ ఆకారం

నీటి గీత పొడవు 3.3 మీటర్లు. ప్రిస్మాటిక్ కోఎఫిషియంట్, అంటే హల్ కొసలు ఎంత నిండుగా ఉన్నాయో చెప్పే సంఖ్య, 0.62 పెట్టుకోండి. అప్పుడు మధ్యలో మునిగిన అడ్డకోత వైశాల్యం 0.110 ÷ (3.3 × 0.62), అంటే దాదాపు 0.054 చదరపు మీటర్లు. నీటి గీత దగ్గర వెడల్పు 36 సెం.మీ., అడుగు గుండ్రంగా U ఆకారంలో ఉంటే మునక సుమారు 17.6 సెం.మీ. వస్తుంది. ఇంతే, మీ హల్ సగం డిజైన్ అయిపోయింది.

ఇంత సన్నగా ఎందుకంటే, 3.3 మీటర్ల మామూలు పడవకి హల్ స్పీడ్ దాదాపు 4.4 నాట్లు (గంటకి 8 కి.మీ. పైచిలుకు). ఆ తర్వాత తన అలని తానే ఎక్కలేక అవస్థ పడుతుంది. హల్ సన్నబడి, తేలికైతే ఆ అల చిన్నదవుతుంది, పడవ పెద్దగా ఇబ్బంది లేకుండా దాటేస్తుంది. దానికి చెల్లించే మూల్యం నిలకడ. 36 సెం.మీ. వెడల్పుకి మెటాసెంటర్ (బరువు కేంద్రం ఈ బిందువుకి పైన ఉంటే పడవ పడిపోతుంది) తేలుడు కేంద్రానికి, అంటే మునిగిన భాగం నడిమి బిందువుకి, 7-8 సెం.మీ. పైన మాత్రమే ఉంటుంది, మీ బరువు కేంద్రమేమో దానికి ఎంతో ఎత్తులో. అంటే ఆగి ఉన్నప్పుడు పడవ పడిపోవడమే దాని సహజ స్థితి. నిలకడ వెడల్పు ఘనంతో పెరుగుతుంది కాబట్టి 32 నుంచి 38కి వెళితే అరవై శాతం పైనే లాభం. పోటీ పడేవాళ్లు 30 దగ్గర కూడా కడతారు, మొదటిసారి కట్టేవాళ్లు 36-38 దగ్గర ఆగడం మంచిది.

గీయడానికి ఫ్రీషిప్ గానీ డెల్ఫ్ట్‌షిప్ ఉచిత వెర్షన్ గానీ చాలు. గీసిన ప్రతిసారీ మూడు సంఖ్యలు చూసుకోండి: మునిగిన ఘనపరిమాణం, తేలుడు కేంద్రం ముక్కు నుంచి ఎంత దూరంలో ఉంది (52 నుంచి 55 శాతం మధ్య పెట్టండి), నీటి తల వైశాల్యం (నీటి గీత దగ్గర హల్ ఆక్రమించే చోటు). ఈ మూడోది దాదాపు 0.89 చదరపు మీటర్లు వస్తుంది, అంటే ప్రతి 9 కిలోల అదనపు బరువుకీ పడవ 1 సెం.మీ. దిగుతుంది. స్నేహితుడు ఎనభై కిలోలుంటే మీ పడవ అతనికి ఎలా నడుస్తుందో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

ముక్కు దగ్గర డెక్ ఎత్తు మాత్రం పిసినారితనం చేయకండి. గాలికి ఎదురుగా కాకుండా గాలితో పాటు వెళ్లేటప్పుడు మాస్ట్ ముందుకి తోస్తుంది, ముక్కు నీళ్లలోకి దూరిందా, మీరు తెరచాప మీదుగా ఎగిరి పడతారు. 40 సెం.మీ. ఎత్తు ఉండాలి.

బలాల లెక్క

రెక్కల చివర కూర్చుని వెనక్కి వాలితే మీ బరువు కేంద్రం మధ్య గీత నుంచి 1.35 మీటర్ల దూరంలో ఉంటుంది. 77 × 1.35 = 104 కేజీ-మీటర్లు. పడవని నిలబెట్టేది ఇదొక్కటే, తెరచాప ఇంతకు మించి పడదోయలేదు. తెరచాప బలకేంద్రానికీ బోర్డు బలకేంద్రానికీ మధ్య 2.8 మీటర్లు అనుకుంటే, పక్కకి తోసే బలం 37 కిలోలు. బోర్డు (డాగర్‌బోర్డ్), ష్రౌడ్‌లు (మాస్ట్‌ని పక్కల నుంచి పట్టి ఉంచే తీగలు), రెక్కలు అన్నీ ఈ సంఖ్య మీదే ఆధారపడతాయి.

రెక్కలతో మొదలుపెడదాం. షాక్‌కి రెట్టింపు కలిపి, రెండు అడ్డ ట్యూబులకి సమానంగా పంచితే, హల్ పక్కన ఒక్కో ట్యూబు మీద దాదాపు 870 న్యూటన్-మీటర్ల వంపు బలం పడుతుంది. 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం ట్యూబులో అది 250 మెగాపాస్కల్స్. 6061-టి6 అల్యూమినియం 275 దాకా తట్టుకుంటుంది కాబట్టి గట్టెక్కుతాం. కానీ కిటికీలు, తలుపులు చేసే అల్యూమినియం షాపులో దొరికేది సాధారణంగా 6063, టి6 అయినా 215 దగ్గరే వంగిపోతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే షాపువాడి మాట మీద కాకుండా టెస్ట్ సర్టిఫికెట్ చూసి కొనండి. మీటరుకి 0.81 కిలో తూగుతుంది, ఇది కూడా స్ప్రెడ్‌షీట్‌లోకి.

ఇక బోర్డు. 5 నాట్ల వేగంలో 37 కిలోల పక్క బలాన్ని మోయాలంటే, లిఫ్ట్ కోఎఫిషియంట్ (పలక తన వైశాల్యానికి ఎంత బలం పుట్టిస్తుందో చెప్పే సంఖ్య) 0.4 దగ్గర, బోర్డు చుక్కాని కలిపి 0.27 చదరపు మీటర్లకి తగ్గకూడదు. నీటిలో 85 × 24 సెం.మీ. బోర్డు, 65 × 18 చుక్కాని పెడితే కాస్త మిగులు కూడా ఉంటుంది. ప్రొఫైల్, అంటే అడ్డకోత ఆకారం, విషయంలో బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, రెండిటికీ నాకా 0012 అనే ప్రామాణిక ఆకారం చాలు.

బోర్డు విరిగేది నడిచేటప్పుడు కాదు. పడవ తిరగబడ్డాక మీరు బోర్డు కొస మీద నిలబడి దాన్ని లేపుతారు చూడండి, అప్పుడు బోర్డు మొదట్లో, అంటే హల్‌ని ఆనుకున్న చోట, 680 న్యూటన్-మీటర్లు పడుతుంది. మామూలు ప్రయాణంలో పడేదానికి ఇది ఐదు రెట్లు. 8 సెం.మీ. వెడల్పున 300 గ్రాముల యూనిడైరెక్షనల్ కార్బన్ (పోగులన్నీ ఒకే దిక్కుకి ఉండే గుడ్డ) మొదట్లో మూడు పొరలు, నడుమ రెండు, కొసకి ఒకటి, రెండు వైపులా వేస్తే ధైర్యంగా ఎక్కి గెంతవచ్చు.

ఏ మెటీరియల్

ప్లైవుడ్ చవక, పని తెలిసిన చేతికి సులువు. కానీ మన దగ్గర దొరికే ఐఎస్ 710 మెరైన్ ప్లై ఎక్కువగా గర్జన్ చెక్కతో చేస్తారు, నీటికి ఆగుతుంది గానీ బరువు. 4 మి.మీ. షీటు చదరపు మీటరుకి మూడు కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఒకుమే ప్లై అదే మందంలో రెండు కిలోలు. ఫోమ్ సాండ్‌విచ్ అయితే, ఘనమీటరుకి 80 కిలోల సాంద్రత ఉన్న 10 మి.మీ. పీవీసీ ఫోమ్ 0.8, రెండు పక్కలా 200 గ్రాముల గుడ్డ దాని రెసిన్‌తో కలిపి 0.8, ఫోమ్ రంధ్రాలు తాగేసే రెసిన్ 0.3, మొత్తం 1.9. ఒకుమే ప్లైకి దీనికీ బరువులో పెద్ద తేడా లేదుగా అంటారేమో, మందం రెండున్నర రెట్లు ఉంది కదా, బిగువు అక్కడ వస్తుంది. హల్, డెక్ కలిపి ఉపరితలం నాలుగు చదరపు మీటర్ల పైచిలుకు, అంటే షెల్ 8 కిలోలు, లోపలి బల్క్‌హెడ్లు, జాయింట్లు, బోర్డు పెట్టె కలిపి ఇంకో నాలుగు.

డబ్బు తక్కువగా ఉంటే కార్బన్ హల్ మొత్తానికి వేయకండి. అడుగు, మాస్ట్ కింద, రెక్కలు తగిలే చోట కార్బన్, మిగతా అంతా గ్లాస్ గుడ్డ. బరువు పెద్దగా మారదు, ఖర్చు సగానికి సగం దిగుతుంది.

రెసిన్ పని

మన దగ్గర తేలిగ్గా దొరికే ఎపాక్సీ రెసిన్ అరాల్డైట్ ఎల్‌వై 556, దానికి హెచ్‌వై 951 హార్డెనర్. లేదా లాపాక్స్ ఎల్-12, కె-6. రెండిటికీ తూకం 100కి 10. ఇక్కడ అంచనా పనికిరాదు, గ్రాము తేడా చూపించే చిన్న డిజిటల్ తూకం పెట్టుకోండి: 150 గ్రాముల రెసిన్, 15 గ్రాముల హార్డెనర్, రెండు నిమిషాలు గోడలు గీకుతూ కలపడం, వెంటనే వెడల్పాటి ట్రేలో పోసేయడం. మగ్గులోనే వదిలేస్తే దాని వేడికి అదే ఇంకా వేగంగా గట్టిపడి, పొగలు కక్కి ప్లాస్టిక్ మగ్గుని కరిగిస్తుంది. అరకిలో ఒకేసారి కలిపే సాహసం అసలు చేయకండి.

ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం సుమారు రెట్టింపవుతుంది. మే నెలలో హైదరాబాద్ షెడ్డులో 40 డిగ్రీల వేడిలో మూడు మీటర్ల ప్యానెల్ తడపడం మొదలుపెడితే సగంలోనే రెసిన్ గట్టిపడిపోతుంది. జులైలో ఇంకో తంటా, గాలిలో తేమకి పైన జిగటగా మైనం లాంటి పొర తేలుతుంది, దాని మీద తర్వాతి పొర అతుక్కోదు. గోరువెచ్చని నీళ్లు, స్కాచ్‌బ్రైట్‌తో కడిగి ఆరబెట్టాకే సాండ్ పేపర్ పట్టాలి, లేకపోతే ఆ మైనాన్నే లోపలికి రుద్దుతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే చేసే పని హాయిగా సాగుతుంది. చేతులకి నైట్రైల్ గ్లవ్స్, కార్బన్ సాండింగ్‌కి మంచి డస్ట్ మాస్క్, రెసిన్ వాసనకి ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్క్. ఎపాక్సీ అలర్జీ ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలదు, ఇందులో మొహమాటం వద్దు.

ప్యానెళ్లు చేయడం

రెండు 8×4 ప్లైవుడ్ షీట్లు కొస నుంచి కొస కలిపి, పైన సన్‌మైకా అంటించండి. కార్పెంటర్ దగ్గర దొరికే ఈ చవక సరుకే మీ మోల్డ్. లెవెల్ చూసి, మైనం పాలిష్ ఐదారు సార్లు పట్టించి, దాని మీద పీల్ ప్లై (తర్వాత ఒలిచేసే గుడ్డ) పరిచి, గుడ్డ పరిచి రెసిన్‌తో తడపండి. పీల్ ప్లై ఎందుకంటే ఈ ముఖం రేపు హల్ లోపలి వైపు అవుతుంది, బల్క్‌హెడ్లు అతకాలంటే గరుకుగా ఉండాలి. తడిసిన గుడ్డ అద్దంలా మెరుస్తుంటే రెసిన్ ఎక్కువైనట్టే, పిండేయండి. సరిగ్గా తడిసింది చీకటిగా ఉంటుంది, నేత కనపడుతుంది, మీద మడుగులు కట్టదు. ఫోమ్ షీటుకి అతికే వైపు రెసిన్, మైక్రోబలూన్స్ (తేలికైన బోలు గోళాల పొడి) కలిపిన పల్చటి ముద్ద పూసి బోర్లించి, వాక్యూమ్ బ్యాగ్ వేయండి.

పంపు కొనక్కర్లేదు. పాత ఫ్రిజ్ కంప్రెసర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అది గాలి చాలా నెమ్మదిగా లాగుతుంది కాబట్టి ముందు ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌తో బ్యాగులో గాలి తీసేసి, తర్వాత కంప్రెసర్‌కి మార్చండి. గేజ్ మీద 0.5 బార్ చాలు, అంటేనే చదరపు మీటరుకి 5 టన్నుల బరువు పెట్టినట్టు. ఇంకా లాగితే గుడ్డలో రెసిన్ కూడా పీల్చేస్తుంది. ఫ్యాను ఆపి చెవి పెట్టి వింటే లీకు ఎక్కడుందో 'స్‌స్' అని అదే చెబుతుంది.

ఇలా ఒక వైపు మాత్రమే తొడుగు ఉన్న ప్యానెల్ కొద్దిగా వంగుతుంది, అదే మనకి కావాలి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన చదును ఆకారాలు ప్రింట్ తీసి కత్తిరించండి. అడుగు దగ్గర U వంపు ఎక్కువ ఉన్నచోట లోపలి తొడుగు లేకుండా ఫోమ్‌ని సన్న పట్టీలుగా కోసి పేర్చాలి, లోపలి గుడ్డ తర్వాత వేసుకోవచ్చు.

కూర్చడం

ఎండీఎఫ్‌తో ఏడెనిమిది ఆడ ఫ్రేములు (హల్‌ని లోపల కూర్చోబెట్టుకునేవి) కోయించి, ఒక వంకర లేని తిన్నని దూలం మీద నిలబెట్టండి. అన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపుని మించింది లేదు. మధ్య గీతకి ఒక నైలాన్ దారం బిగువుగా లాగి ఉంచండి, చివరిదాకా తీయకండి. ఇక్కడ 3 మి.మీ. మెలిక వస్తే పడవ జీవితాంతం ఒక వైపు బాగా, ఇంకో వైపు చెత్తగా నడుస్తుంది.

ప్యానెళ్లు ఫ్రేముల్లో కూర్చోబెట్టి, హాట్ గ్లూతో అక్కడక్కడా పట్టించి, మూలల్లో ఫ్యూమ్డ్ సిలికా (రెసిన్‌ని చిక్కబరిచే పొడి), మైక్రోబలూన్స్ కలిపిన ముద్దతో ఫిల్లెట్ (మూలని గుండ్రంగా నింపే అతుకు) లాగి, అది పచ్చిగా ఉండగానే 5 సెం.మీ. టేపు వేయండి. బల్క్‌హెడ్లు మూడు తప్పనిసరి: మాస్ట్ కింద ఒకటి, రెండు రెక్కల ట్యూబుల కింద చెరొకటి. డాగర్‌బోర్డ్ పెట్టెని బోర్డు మీదే గుడ్డ చుట్టి చేయడం మంచిది, పాలిథిన్ రెండు పొరలు మధ్యలో పెడితే కదలడానికి సరిపడా సందు దానంతట అదే వస్తుంది. బోల్టులు పడే ప్రతిచోటా ఫోమ్ తవ్వేసి గట్టి ముద్ద నింపండి. అల్యూమినియం కార్బన్‌ని నేరుగా తాకకూడదు, ఉప్పునీళ్లు తగిలితే అల్యూమినియం తెల్లగా బూజుపట్టి తినేసుకుపోతుంది. మధ్యలో ఒక గ్లాస్ పొర వేస్తే ఆ బాధ ఉండదు.

డెక్ మూసేముందు లోపలంతా ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత హల్ తిప్పి, అంచులు గుండ్రం చేసి, బయటి తొడుగు ఒకే సిట్టింగ్‌లో వేయండి. పుట్టీని పొడవాటి చెక్కకి సాండ్ పేపర్ అంటించి రుద్దుకోవాలి, చేత్తో రుద్దితే గుంటలు పడతాయి. రంగు తెలుపే. నల్ల కార్బన్ డెక్ మన ఎండలో మెత్తబడే వేడికి వెళుతుంది. వీలైతే పెయింట్‌కి ముందు టార్పాలిన్ గుడారం కట్టి, రూమ్ హీటరుతో 60 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఉంచండి, గది వేడికి గట్టిపడిన రెసిన్‌కి ఇది చాలా బలం.

బోర్డు, చుక్కాని వెనక అంచు పల్చగా కత్తిలా అవసరం లేదు, ఒకటిన్నర మి.మీ. ఉండనివ్వండి. వేగంలో 'జుయ్' మని మోగితే ఆ అంచుని ఒక వైపే 45 డిగ్రీలు చెక్కండి, ఆగిపోతుంది. ఫినిషింగ్ 400 నంబరు నీళ్ల పేపరుతో చాలు.

మాస్ట్‌కి పాత విండ్‌సర్ఫింగ్ కార్బన్ మాస్ట్ కింద ముక్క చేర్చి వాడటం ఇంట్లో కట్టేవాళ్ల పాత అలవాటు. తెరచాప మాత్రం సెయిల్‌మేకర్ దగ్గరే చేయించండి, మాస్ట్ ఎంత వంగుతుందో కొలిచి ఆ కొలతలు పంపండి. మాస్ట్ మడమ 5 సెం.మీ. ముందుకీ వెనక్కీ జరిగేలా పట్టా పెట్టుకోండి, ఎందుకంటే బ్యాలెన్స్ కాగితం మీద సరిగ్గా తేలదు.

ఫాయిల్స్ లెక్క

115 కిలోల మొత్తం బరువుని 7 నాట్ల దగ్గర నీళ్లలోంచి లేపాలంటే, లిఫ్ట్ కోఎఫిషియంట్ 0.9 పెట్టినా రెండు ఫాయిళ్లు కలిపి దాదాపు 0.19 చదరపు మీటర్లు కావాలి. అదే ఫాయిల్ 20 నాట్ల దగ్గరికి వచ్చేసరికి 0.11 కోఎఫిషియంట్ చాలు, అంటే ఎనిమిదో వంతు. తగ్గించకపోతే పడవ ఆకాశంలోకి వెళ్లి బొక్కబోర్లా పడుతుంది. అందుకే ముక్కు దగ్గర నీటిని తాకుతూ ఒక సన్న పుల్ల, వాండ్ అంటారు, వేలాడుతుంది. పడవ లేచిన కొద్దీ అది కిందికి వాలి, పుష్‌రాడ్ ద్వారా ముందు ఫాయిల్ వెనక రెక్కని పైకి తిప్పుతుంది. ఈ యంత్రాంగం ఒక మి.మీ. లూజు ఉన్నా సరిగా పనిచేయదు. దీన్ని తర్వాత పెట్టుకునే ఉద్దేశం ఉంటే బోర్డు పెట్టెని, చుక్కాని బిగించే చోటుని ఇప్పుడే రెట్టింపు బలంగా కట్టేయండి.

నీళ్లలో దించడం

దించేముందు హ్యాచ్ మూసి, సన్న గొట్టంతో నోటితో మెల్లగా ఊది, జాయింట్ల మీద సబ్బు నీళ్లు పూయండి. బుడగ వచ్చిన చోట లీకు. కంప్రెసర్ గాలి పెట్టారంటే అతుకులు విడిపోతాయి. ఒడ్డున ఎండలో నిలబెట్టినప్పుడు హ్యాచ్ తెరిచి ఉంచాలి, లోపలి గాలి వేడెక్కి అదే పని చేస్తుంది.

మొదటిసారి క్లబ్బు రెస్క్యూ బోట్ దగ్గర్లో ఉండగా, 6-8 నాట్ల గాలిలో వెళ్లండి. కావాలనే ఒకసారి తిరగేసి, లేపి చూడండి. టిల్లర్ (చుక్కానిని తిప్పే కర్ర) వదిలితే పడవ గాలివైపు తిరగాలి, కానీ నెమ్మదిగా. మొండిగా లాగుతుంటే మాస్ట్‌ని ముందుకి జరపండి లేదా నిటారుగా చేయండి, గాలికి దూరంగా పారిపోతుంటే వెనక్కి. ఒక్కసారికి ఒక్క మార్పే, సెంటీమీటరు చొప్పున, మాస్ట్ మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటూ.

ఒడ్డుకొచ్చాక డ్రైన్ ప్లగ్ తీసి, వచ్చిన నీళ్లని సీసాలో పట్టి కొలవండి. గ్లాసెడు అయితే డాగర్‌బోర్డ్ పెట్టె పై అంచు, రెక్కల ట్యూబు బోల్టులు చూడండి, సీలెంట్ సరిపోతుంది. లీటర్లలో వస్తే ఆ నీళ్లలో కాస్త ఫోమ్ పక్కన కూడా నిలిచి ఉంటాయి. పడవని వారం ఎండబెట్టి, మళ్లీ తూకం వేసి, స్ప్రెడ్‌షీట్‌లో రాసుకున్న అంకెతో పోల్చి చూశాకే మళ్లీ దించండి.